లెక్కల టీచరుకు ఉత్తరాలు: రెండు అల్పకోణాలున్నా అల్పకోణ త్రిభుజం కాదా?

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. 30, 40, 110 డిగ్రీల కోణాలున్న త్రిభుజం ఏ రకమని పరీక్షలో అడిగారు. రెండు అల్పకోణాలు ఉన్నాయి కాబట్టి అల్పకోణ త్రిభుజం అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశారు, ఎందుకు తప్పో మాత్రం రాయలేదు. "మూడింటిలో రెండు అవే కదమ్మా, మరి ఎక్కువ అవే కదా" అని నన్ను అడుగుతోంది. నాకు చెప్పడం చేతకాలేదు.
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: అమ్మా, జవాబు తప్పే. అయితే మీ అమ్మాయి ఆలోచించి రాసిన తప్పు అది, అందుకే ఈ ఉత్తరాన్ని ముందు పెట్టాను. ఒక లంబకోణం ఉంటే లంబకోణ త్రిభుజం అని నేర్పాం. ఒక అధికకోణం ఉంటే అధికకోణ త్రిభుజం అని నేర్పాం. అదే వరసలో అల్పకోణం ఉంటే అల్పకోణ త్రిభుజం అవుతుందని పాప అనుకుంది. మూడు పేర్లూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, అర్థాలు అలా ఉండవు. చిక్కంతా అక్కడే ఉంది.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. ఏటా నలుగురైదుగురు పిల్లలు ఇదే జవాబు రాసేవారు. మొదటి సంవత్సరాల్లో నేనూ గీత కొట్టి ఊరుకున్నాను. తరువాత అలా రాసినవాళ్లను బోర్డు దగ్గరికి పిలిచి, ఎందుకు అనుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించేదాన్ని. త్రిభుజాల పాఠం ఆ మాటల నుంచే మొదలుపెట్టేదాన్ని.

90 డిగ్రీల కన్నా తక్కువైతే అల్పకోణం, సరిగ్గా 90 అయితే లంబకోణం, 90 దాటి 180కి లోపు ఉంటే అధికకోణం. ఇంతవరకు మీ పాపకు వచ్చు. ఇప్పుడు ఒక త్రిభుజంలో ఎన్ని అల్పకోణాలు ఉండవచ్చో చూడమనండి.

మా నాన్నగారు వడ్రంగి. పెంకుటిళ్ల కప్పులకు వాసాలు ఎత్తేటప్పుడు సెలవు రోజుల్లో నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. నేల మీద రెండు గుంజలు నిట్టనిలువుగా పాతితే, వాటిని తాటిచెట్టంత పొడుగు చేసినా కొనలు కలవవు. ఒక గుంజ నిలువుగా ఉంటే రెండోది తప్పనిసరిగా దాని వైపు ఒరగాలి. ఒకటి 110 డిగ్రీలతో బయటికి వాలిందనుకోండి, రెండోది దాన్ని అందుకోవడానికి ఇంకా ఎక్కువగా ఒరగాలి, 70 డిగ్రీల కన్నా తక్కువకు రావాలి. మూడు కోణాల మొత్తం 180 అన్న సూత్రం చెప్పేదీ ఇదే. 90, అంతకు మించినవి రెండు ఉంటే వాటితోనే 180 నిండిపోతుంది, మూడో కోణానికి చోటు ఉండదు.

అంటే ఏ త్రిభుజం గీసినా, ఎంత వంకరగా గీసినా, అందులో కనీసం రెండు అల్పకోణాలు ఉండి తీరతాయి. మీ పాప చూసిన ఆ రెండూ ప్రపంచంలోని ప్రతి త్రిభుజంలోనూ ఉన్నాయి. వాటిని బట్టి పేరు పెడితే అన్నీ అల్పకోణ త్రిభుజాలే అవుతాయి. ఊరందరికీ ఉన్న పోలికలు చెప్పి ఒక మనిషిని వెతకమంటే ఎలా వెతుకుతాం?

కాబట్టి తేడా అంతా మిగిలిన మూడో కోణంలో, అంటే అన్నిటికన్నా పెద్ద కోణంలో ఉంటుంది. అది 90 కన్నా తక్కువైతే మిగతావి ఎలాగూ తక్కువే, మూడూ అల్పకోణాలే. అప్పుడే దాన్ని అల్పకోణ త్రిభుజం అంటాం. పెద్ద కోణం 90 అయితే లంబకోణ త్రిభుజం. దాటితే అధికకోణ త్రిభుజం. పాప లెక్కలో పెద్ద కోణం 110, అందుకని అధికకోణ త్రిభుజం. కోణాల సంఖ్యను ఓట్లలా లెక్కపెట్టకుండా, "అన్నిటికన్నా పెద్దది ఎంత?" అన్న ఒక్క ప్రశ్న అడగమనండి.

మాటలతో చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది, చేత్తో చేస్తే ఎప్పటికీ గుర్తుంటుంది. ఒకే పొడుగున్న రెండు చీపురు పుల్లలు తీసుకోండి. సైకిలు వాల్వు ట్యూబు చిన్న ముక్క కోసి రెండు చివరలను అందులో దూర్చండి. కాగితం మీద పెట్టి, విడిగా ఉన్న రెండు కొనల మధ్య పెన్సిలుతో గీత గీస్తే త్రిభుజం అవుతుంది. పై కోణం 20 డిగ్రీలకు ముడిస్తే కింది కోణాలు 80, 80. మెల్లగా తెరిచి 60కి తెస్తే మూడూ 60. 90కి తెస్తే కిందివి 45, 45. 120కి తెరిస్తే 30, 30. పైది ఎంత తెరుచుకున్నా కిందివి ఎప్పుడూ 90కి చేరవు. పైగా పుల్లలు తెరుస్తుంటే లంబకోణ త్రిభుజం ఒక్క క్షణమే కనబడుతుంది, 89 దగ్గర ఇంకా రాలేదు, 91 దగ్గర దాటిపోయింది. ఇది అల్పకోణ త్రిభుజాల గదికీ అధికకోణ త్రిభుజాల గదికీ నడుమ గడప లాంటిదని మా పిల్లలకు చెప్పేదాన్ని. ఏడో తరగతి పిల్లవాడొకడు ఆ గడప మీదే పుల్లలు ఆపాలని పీరియడ్ అంతా కూర్చుని ప్రయత్నించాడు.

పాపకు ఇంకో మూడు లెక్కలు ఇవ్వండి: 89, 89, 2; 45, 45, 90; 50, 60, 70. రకం పేరుతో పాటు ఎందుకో ఒక వాక్యం రాయించండి. మొదటిది చూసి తడబడితే మంచిదే, కాసేపు ఆలోచించనివ్వండి.

ప్రశ్న: మా అక్క పాత నోట్సులో లఘుకోణం, గురుకోణం అని ఉన్నాయి. మాకు అల్పకోణం, అధికకోణం అని చెప్పారు. ఏది సరైనది? సమద్విబాహు త్రిభుజం అల్పకోణ త్రిభుజం కూడా అవుతుందా?
– ఏడో తరగతి విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: తల్లీ, రెండు జతల పేర్లూ సరైనవే. లఘువు అన్నా అల్పం అన్నా చిన్నదని అర్థం. మీ పుస్తకంలో ఉన్న మాటనే పరీక్షలో రాయి.

రెండో ప్రశ్న చాలా మంచిది. త్రిభుజానికి రెండు రకాల పేర్లు ఉంటాయి, మనిషికి ఇంటి పేరు, సొంత పేరు ఉన్నట్టు. భుజాలను బట్టి సమబాహు, సమద్విబాహు, విషమబాహు త్రిభుజాలు. కోణాలను బట్టి అల్పకోణ, లంబకోణ, అధికకోణ త్రిభుజాలు. సమద్విబాహు త్రిభుజం ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు: 36, 72, 72 అల్పకోణ త్రిభుజం, 45, 45, 90 లంబకోణ త్రిభుజం, 30, 30, 120 అధికకోణ త్రిభుజం. విషమబాహు త్రిభుజం కూడా మూడూ కావచ్చు. సమబాహు త్రిభుజానికి ఆ వీలు లేదు. మూడు కోణాలూ 60 కాబట్టి అది అల్పకోణ త్రిభుజమే. గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తుగా తలకిందులుగా వేసే ఎర్ర త్రికోణం చూశావు కదా, అదే సమబాహు త్రిభుజం. మూడును మూడుతో గుణిస్తే తొమ్మిది జతలు రావాలి, రెండు కుదరవు, ఏడే మిగులుతాయి. నీ జామెట్రీ బాక్సులోని రెండు మూలమట్టాలు ఏ జతల కిందికి వస్తాయో తీసి చూడు.

ప్రశ్న: అధికకోణ త్రిభుజం వైశాల్యం కట్టేటప్పుడు ఎత్తు గీస్తే అది త్రిభుజం బయట పడుతోంది. బయట ఉన్న గీతతో గుణిస్తే లోపలి వైశాల్యం ఎలా వస్తుంది? సూత్రం అంతే అని చెప్పారు.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: బాబూ, సూత్రం అంతే అన్న జవాబుతో ఆగిపోకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. ఈ సంగతికి మన దేశంలో చాలా పాత చరిత్ర ఉంది. భాస్కరాచార్యులు 1150లో రాసిన లీలావతిలో రెండు త్రిభుజాల లెక్కలున్నాయి. ఆ రెండింటినీ పక్కపక్కనే చేస్తే నీ సందేహం దానంతట అదే తీరుతుంది.

మొదటి త్రిభుజానికి భూమి 14, మిగతా భుజాలు 13, 15. శీర్షం నుంచి కిందికి లంబం వేస్తే దాని పొడవు 12. అది భూమిని 5, 9 ముక్కలు చేస్తుంది. అంటే 5-12-13, 9-12-15 అనే రెండు లంబకోణ త్రిభుజాలు వీపు వీపు ఆనించి నిలబడ్డాయి. ఒకదాని వైశాల్యం 30, రెండోదానిది 54, మొత్తం 84. సూత్రం ప్రకారం 14ను 12తో గుణించి సగం చేసినా 84. ఇది అల్పకోణ త్రిభుజం, అందుకే లంబం లోపల పడింది.

రెండోదానికి భూమి 9, భుజాలు 10, 17. భూమి ముక్కలు కనుక్కోవడానికి భాస్కరుడి పద్ధతి ఇది: భుజాల తేడా 7, మొత్తం 27. వీటి లబ్ధం 189, దాన్ని భూమి 9తో భాగిస్తే 21. 9కి 21 కలిపి సగం చేస్తే 15. 9లో నుంచి 21 తీసి సగం చేస్తే? రుణం 6 వస్తుంది. పొడవు రుణసంఖ్య ఎలా అవుతుందని భాస్కరుడు లెక్కను కొట్టేయలేదు. ఆ ముక్క ఎదురు దిక్కున ఉందని అర్థం చెప్పాడు. అంటే లంబం పాదం భూమికి బయట, 6 ప్రమాణాల అవతల పడింది. తొమ్మిది శతాబ్దాల కిందట రుణ గుర్తును దిక్కుగా చదివిన ఆ చోటు నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు బొమ్మ గీయి. లంబం 8. పెద్ద లంబకోణ త్రిభుజం 8-15-17, దాని వైశాల్యం 60. అందులో నీది కాని భాగం 6-8-10, దాని వైశాల్యం 24. తీసేస్తే 36. భూమి 9ని 8తో గుణించి సగం చేసినా 36. మొదటి బొమ్మలో రెండు త్రిభుజాలను కలిపాం, రెండో బొమ్మలో పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీశాం. బయట గీసిన ఎత్తు ఆ రెండింటికీ ఉమ్మడి గోడ. అందుకే బయట ఉన్నా లోపలి లెక్క సరిగ్గా చెబుతుంది.

ప్రశ్న: గడియారంలో 3 గంటల 15 నిమిషాలకు రెండు ముళ్లూ కలిసిపోతాయని, కోణం సున్నా అని మా మనవడి వాదన. నిజమేనా?
– ఒక తాతగారు, ఖమ్మం

జవాబు: కలవవండి. ఆ పావుగంటలో చిన్న ముల్లు కూడా కదిలింది. అది గంటకు 30 డిగ్రీలు, అంటే నిమిషానికి అర డిగ్రీ జరుగుతుంది. 15 నిమిషాలకు ఏడున్నర డిగ్రీలు ముందుకు వెళ్లి ఉంటుంది. కోణం 7.5 డిగ్రీలు, చక్కని అల్పకోణం. మనవడిని 2 గంటల 20 నిమిషాల లెక్క కూడా కట్టమనండి, 50 రావాలి.

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. ఒక మూల నుంచి ఒక వైపు 30 అడుగులు, ఇంకో వైపు 40 అడుగులు గుర్తు పెట్టారు. మూల లంబకోణమైతే ఆ రెండు గుర్తుల మధ్య 50 అడుగులు రావాలి, టేపు పెడితే 49 వచ్చింది. ఒక్క అడుగు తేడా పెద్దది కాదని మేస్త్రీ అంటున్నారు. కోణమానినితో కొలిచే వీలు లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పునాది తవ్వకముందే కొలిచారు, మంచి పని చేశారు. భుజాలు తెలిస్తే కోణమానిని అవసరం లేదు. అన్నిటికన్నా పొడవైన భుజం వర్గాన్ని, మిగతా రెండింటి వర్గాల మొత్తంతో పోల్చండి. సమానమైతే ఎదురు కోణం లంబకోణం. పొడవైన భుజం వర్గం తక్కువైతే అల్పకోణం, ఎక్కువైతే అధికకోణం. మీ కొలతల్లో 30 వర్గం 900, 40 వర్గం 1600, మొత్తం 2500. 49 వర్గం 2401. తక్కువగా ఉంది కాబట్టి మీ మూల అల్పకోణం, దాదాపు 87.6 డిగ్రీలు.

ఒక్క అడుగే కదా అనిపిస్తుంది. ఆ తేడా 99ని 30కి రెట్టింపైన 60తో భాగించండి, 1.65 వస్తుంది. 40 అడుగుల గోడ అవతలి చివర, ఉండాల్సిన చోటు కన్నా 1.65 అడుగులు, అంటే దాదాపు 1 అడుగు 8 అంగుళాలు లోపలికి వంగి ఉందని దాని అర్థం. గదిలో పలకలు పరిచేటప్పుడు గోడ పక్కన ప్రతి వరసలోనూ ముక్క కోయాల్సి వస్తుంది. మంచం, బీరువా మూలకు ఆనవు. పైగా నాలుగు మూలల మొత్తం 360 కాబట్టి, ఒక మూల 90కి తగ్గితే ఇంకెక్కడో ఒక మూల 90 దాటుతుంది. మీ స్థలం ఎదురెదురు భుజాలు సమానమైతే రెండో కర్ణం కొలిచి చూడండి, 51 అడుగులకు అతి దగ్గరగా వస్తుంది. రెండు కర్ణాలూ 50 అయ్యేవరకు తాడు జరపమనండి.

ఇది మేస్త్రీగారికి కొత్త విషయం కాదు, మూడు-నాలుగు-ఐదు కొలత ఆయనకు తెలిసే ఉంటుంది. యజ్ఞవేదికలు కొలవడానికి తాడు పద్ధతులు చెప్పిన బౌధాయన శుల్బసూత్రంలోనూ ఈ 3, 4 జత ఉంది, 5, 12 జతా ఉంది. గౌరవంగా అడగండి, టేపు రెండో కొన మీరే పట్టుకోండి.

ప్రశ్న: నేను సివిల్ డిప్లొమా చదువుతున్నాను. సర్వేలో త్రిభుజాలు ఏర్పాటు చేసేటప్పుడు ఏ కోణమూ 30 డిగ్రీల కన్నా తక్కువ, 120 కన్నా ఎక్కువ ఉండకూడదంటారు. అంటే అల్పకోణ త్రిభుజాలే వాడాలనా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: కాదు బాబూ. ఈ నియమం పొరపాటు ఎంత పెరుగుతుందన్న దాన్ని బట్టి పెట్టినది. 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచి, అక్కడి నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ వెళ్లాడు. పొడవు కొలిచింది ఇలాంటి కొద్ది ఆధార రేఖలనే, మిగతా భుజాలన్నీ కోణాల నుంచి కట్టినవి. కోణంలో చిన్న తప్పు జరిగితే అది భుజంలోకి, ఆ భుజం నుంచి పక్క త్రిభుజంలోకి పోతుంది.

ఎంత పోతుందో చూడు. తెలిసిన భుజానికి ఎదురుగా ఉన్న కోణంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు, తప్పు చదివావనుకో. ఆ కోణం 60 డిగ్రీలైతే, కిలోమీటరు పొడవున్న భుజం లెక్కలో వచ్చే తేడా సుమారు 17 సెంటీమీటర్లు. అదే కోణం 5 డిగ్రీలైతే తేడా 3.3 మీటర్లు. తప్పు అదే, నష్టం దాదాపు 20 రెట్లు. సైన్ సూత్రంతో నువ్వే కట్టి చూసుకోవచ్చు. పైన చెప్పిన చీపురు పుల్లలను ఒకదానిమీద ఒకటి దాదాపు కలిసిపోయేలా అడ్డంగా పెట్టు, అవి సరిగ్గా ఎక్కడ దాటుకుంటున్నాయో వేలు పెట్టి చూపలేవు. ఒక పుల్లను కొంచెం తిప్పితే దాటే చోటు బెత్తెడు జరిగిపోతుంది. 60 డిగ్రీలతో పెడితే అంతే తిప్పినా పెద్దగా జరగదు.

5, 87, 88 డిగ్రీల త్రిభుజం అచ్చమైన అల్పకోణ త్రిభుజం, సర్వేకు మాత్రం పనికిరాదు. 40, 40, 100 అధికకోణ త్రిభుజం, దాన్ని వాడుకోవచ్చు. రకం పేరు కావాలంటే పెద్ద కోణం ఒక్కటి చూస్తే చాలు. స్టేషన్లు ఎంచుకునేటప్పుడు మాత్రం ముందు చిన్న కోణం చూడు. అది 30కి దిగువన ఉంటే జెండాను ఇంకో గుట్ట మీదికి మార్చు.